శ్రీలంక 8 రాత్రుల టూర్: పదిహేను పేర్ల జాబితాలో ఏవి ఉంచాలి, ఏవి కొట్టెయ్యాలి?

గన్నవరం_గేటు:
అందరికీ నమస్కారం. ఆరుగురం వెళ్తున్నాం. అమ్మా నాన్నా, మేమిద్దరం, 7, 12 ఏళ్ల పిల్లలు. అమ్మకు మోకాళ్ల నొప్పి. ఇద్దరు పూర్తి శాకాహారులు. హైదరాబాద్ నుంచి కొలంబో విమానం, మొత్తం 8 రాత్రులు. సంక్రాంతి సెలవులకా, వేసవి సెలవులకా అన్నది ఇంకా తేల్చుకోలేదు. రాసుకున్న జాబితా ఇది: కొలంబో, అనురాధపుర, సిగిరియా, దంబుల్లా, పొలొన్నరువ, ట్రింకోమలీ, జాఫ్నా, క్యాండీ, నువర ఎలియా, హార్టన్ ప్లెయిన్స్, ఎల్లా, యాలా, మిరిస్సా, గాల్, బెంటోటా. ఎన్ని పడతాయి?

ఋతుపవనం:
ఊళ్ల సంగతి తర్వాత. ముందు నెల తేల్చండి, సగం జాబితా దానంతటదే రాలిపోతుంది.

శ్రీలంకకు రెండు వానాకాలాలు. నైరుతి గాలి మే నుంచి సెప్టెంబరు దాకా పడమర, దక్షిణ తీరాలనూ కొండల పడమటి వాలునూ తడుపుతుంది. ఈశాన్య గాలి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తూర్పు, ఉత్తర తీరాల మీద పడుతుంది. ఒక పక్క సముద్రం ఉగ్రంగా ఉంటే రెండో పక్క చెరువులా ఉంటుంది. రెండు తీరాలూ ఒకే ట్రిప్పులో పెట్టుకుంటే ఒక చోట గదిలో కూర్చుని వాన చూడాల్సిందే.

సంక్రాంతికి అయితే గాల్, మిరిస్సా, ఎల్లా, నువర ఎలియా బాగుంటాయి. మిరిస్సాలో తిమింగలాల సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ట్రింకోమలీ, జాఫ్నా కొట్టెయ్యండి. సిగిరియా వైపు జనవరిలో ఒకటి రెండు జల్లులు పడొచ్చు, అంతకుమించి ఇబ్బంది ఉండదు.

వేసవికి అయితే తిరగెయ్యండి: సిగిరియా, పొలొన్నరువ, ట్రింకోమలీ దగ్గరి నిలావెలి బీచ్, క్యాండీ. దక్షిణ తీరం వదిలెయ్యండి. మే రెండో సగంలో రత్నపుర, కేగల్ల, కలుతర జిల్లాల్లో వరదలు, కొండచరియలు విరగడం కొత్త కాదు. 2016లోనూ 2017లోనూ మే నెలలోనే పెద్ద ప్రాణనష్టం జరిగింది.

ఎవరైనా అడుగుతారని దసరా సంగతి కూడా. అక్టోబరు రెండు గాలుల మధ్య కాలం. పొద్దున ఎండ, మధ్యాహ్నం రెండు దాటాక ఉరుముల వాన. చూడాల్సినవన్నీ ఒంటిగంటలోపు ముగించుకునేవాళ్లకు అదీ పనికొస్తుంది.

లెక్కల_మాస్టారు:
పై మాటకు తోడు ఇంకో లెక్క. దేశం మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. మ్యాప్ చూసి అందరూ మోసపోయేది ఇక్కడే. కిలోమీటర్లు చూడకండి, గంటలు చూడండి. కొండ దారిలో సగటు వేగం గంటకు పాతిక, ముప్ఫై దాటదు.

మీరు దిగే కటునాయక (కొలంబో) విమానాశ్రయం నుంచి సిగిరియా 150 కి.మీ. పైచిలుకు, నాలుగు గంటలు. సిగిరియా నుంచి క్యాండీ 90 కి.మీ., మూడు గంటలు. క్యాండీ నుంచి నువర ఎలియా 80 కి.మీ. లోపే, అయినా రెండున్నర నుంచి మూడు గంటలు. అక్కణ్నుంచి ఎల్లా రెండు గంటలు. ఎల్లా నుంచి యాలా అడవి పార్కు పక్కనున్న తిస్సమహారామ రెండున్నర గంటలు. తిస్స నుంచి మిరిస్సా రెండున్నర. గాల్ నుంచి విమానాశ్రయానికి ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండున్నర, మూడు గంటలు. కొలంబో ఊళ్లోకి దిగనక్కర్లేదు, బయటి రింగు రోడ్డు మీదుగా నేరుగా విమానాశ్రయం రోడ్డు ఎక్కేయొచ్చు.

8 రాత్రులకు నాలుగు బసలు, ఒక్కోచోట రెండేసి రాత్రులు. అయిదో బస పెట్టారంటే రోజూ పొద్దున పెట్టెలు సర్దడమే పని. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు పెట్టె కట్టి విప్పే ప్రతి మార్పుకూ రెండు గంటలు పోతాయని వేసుకోండి.

కొలంబో కొట్టెయ్యండి. విమానం రాత్రి పొద్దుపోయి దిగేటట్టయితే నెగొంబోలో పడుకోండి, విమానాశ్రయానికి పది కిలోమీటర్లు. బెంటోటా కూడా కొట్టెయ్యండి, గాల్ పెట్టుకున్నాక ఆ ఇసుక కోసం ఇంకో హోటల్ దండగ.

గన్నవరం_గేటు:
అర్థమైంది, సంక్రాంతే ఖాయం చేస్తున్నాం. సిగిరియా బండ అమ్మ ఎక్కగలదా? అనురాధపుర, పొలొన్నరువ రెండూ చూడాలా?

మెట్లదారి:
సిగిరియా బండ ఎత్తు దాదాపు 200 మీటర్లు, మెట్లు సుమారు 1,200. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. దారి మూడు భాగాలుగా ఉంటుంది. మొదట నీటి తోటలు, చదును నేల, అమ్మగారు హాయిగా నడవొచ్చు. తర్వాత పెద్ద బండల మధ్య రాతి మెట్లు, ఎత్తు సమానంగా ఉండవు. ఆ పైన ఇనుప మెట్లు. కుడ్యచిత్రాల దగ్గరికి ఒక మెలికల మెట్లదారి ఉంది, అక్కడ ఫొటోలు తీయనివ్వరు. చిత్రాలు దాటాక అద్దంలా నునుపు చేసిన 'అద్దపు గోడ', ఆ తర్వాత సింహం పాదాలున్న తిన్నె. తిన్నె దాకా వచ్చి ఆగిపోయేవాళ్లు చాలామంది. కాశ్యప రాజు అయిదో శతాబ్దంలో కట్టించిన సింహంలో మిగిలింది ఆ రెండు పాదాలే. గోళ్లు ఒక్కోటి మనిషి నడుము దాకా వస్తాయి. పిల్లలకు నచ్చేది అదే.

గేటు పొద్దున్నే తెరుస్తారు. ఏడులోపు మొదటి మెట్టు మీద ఉండాలి. తొమ్మిది దాటితే రెండు ఇబ్బందులు. ఇనుప మెట్ల మీద ఒకే వరసలో జనం నిలబడిపోతారు, మధ్యలో వెనక్కి తిరగడానికి వీలుండదు. ఎండకు బండ కాలుతుంది. ఇంకోటి కందిరీగలు. బండ పగుళ్లలో పెద్ద పట్లు ఉన్నాయి. 'నిశ్శబ్దం' అని బోర్డులు పెట్టింది అందుకే. అరుపులు, ఘాటైన అత్తరు వద్దు. అవి రేగిన రోజు ఎక్కడం ఆపేస్తారు. కాబట్టి రెండో రోజు పొద్దున కూడా ఖాళీగా ఉంచుకోండి.

విదేశీ టికెట్ ఖరీదే గానీ మనలాంటి సార్క్ దేశాలవాళ్లకు దాదాపు సగం. పాస్‌పోర్టులు అసలువి దగ్గర పెట్టుకోండి, లేకపోతే పూర్తి ధర కట్టించుకుంటారు.

రెండు పాత రాజధానుల్లో ఒకటి చాలు. పొలొన్నరువ తీసుకోండి. శిథిలాలన్నీ ఒకే దారి వెంట ఉంటాయి, ఒక్కో గుంపు దగ్గర వ్యాన్ ఆపి దిగొచ్చు. గల్ విహారలో ఒకే బండలో చెక్కిన నాలుగు విగ్రహాల్లో శయన బుద్ధుడు 14 మీటర్లు. అనురాధపుర భక్తులది. శ్రీ మహాబోధి చెట్టు, రువన్వెలిసాయ స్తూపం చుట్టూ చాలా దూరం చెప్పుల్లేకుండా నడవాలి. రెండు చోట్లా మందమైన సాక్సులు పట్టుకెళ్లండి. చెప్పులు విప్పాలి గానీ సాక్సులు వేసుకోవచ్చు, పదకొండు తర్వాత రాతి నేల పెనంలా ఉంటుంది.

దంబుల్లా గుహలకు మూడు నాలుగు వందల మెట్లు. బంగారు బుద్ధుడి విగ్రహం వైపు నుంచి ఎక్కేసి, టికెట్ పైన ఇస్తారనుకుంటారు. పైన అమ్మరు, కింద కౌంటర్‌లో కొని ఎక్కాలి. డ్రైవర్‌కు ముందే చెప్పి టికెట్ కౌంటర్ ఉన్న వైపే దింపమనండి.

పచ్చపులుసు:
సిగిరియా టికెట్ దండగ, ఎదురుగా ఉన్న పిదురంగల ఎక్కితే చాలదా? సిగిరియా బండే మొత్తం కనపడుతుంది కదా.

మెట్లదారి:
కనపడుతుంది, రేటూ చాలా తక్కువ. కానీ ఆఖరి పదిహేను నిమిషాలు మెట్లుండవు, చేతులు ఊని బండరాళ్ల మీంచి పాకాలి. ఏడేళ్ల పిల్లకు వద్దు, వాన పడితే ఎవరికీ వద్దు. అడుగున గుడి ఉంది కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. ఒక హెచ్చరిక: సిగిరియా, హబరణ రోడ్ల మీదికి సాయంత్రం అడవి ఏనుగులు వస్తాయి. చీకటిపడ్డాక హోటల్‌కు నడిచి రావడం, స్కూటీ అద్దెకు తీసుకుని తిరగడం వద్దు.

వరంగల్_బస్టాండ్:
ఏనుగుల మాటొచ్చింది కాబట్టి నేను చెప్త. మిన్నేరియా చెరువు కాడ వందలకొద్ది ఏనుగులు జమైతయని అందరు రాస్తరు. అది జులై నుంచి అక్టోబర్ దాక, చెరువు ఎండి గడ్డి తేలినప్పుడు. జనవరిల చెరువు నిండుగుంటది, గడ్డే ఉండదు. ఆ నెలల జీపులోళ్లు హురులు ఈకో పార్కుకు తీస్కపోతరు, అది మంచిదే. ఏ పార్కుల ఏనుగులున్నయో పొద్దుగాల్ల జీపులోళ్లనే అడగాలె, నెల ముందుగాల పైసలు కట్టి బుక్ చేసుకోవద్దు.

యాలకే పోవాల్నని ఏం లేదు. చిరుతపులి కోసం ఒకటో బ్లాకుల జీపులన్ని ఒక్క దిక్కే ఉరుకుతయి. పులి కనపడ్డదని ఫోనొస్తే పది నిమిషాలల్ల ముప్పై బండ్లు జమైతయి, దుమ్ము తప్ప ఏం కనపడది. ముసలోళ్లకు ఆ కుదుపులకు నడుము పడిపోతది. ఉదవలవే పార్కుకు పోండ్రి. మైదానం లెక్క ఉంటది, ఏడాది పొడుగున ఏనుగులుంటయి, మూడు గంటల ట్రిప్పు సరిపోతది. పక్కనే తల్లి లేని ఏనుగు పిల్లలకు పాలు పోసే సెంటరున్నది, దూరం నుంచే చూడాలె, ముట్టనియ్యరు. పిల్లలకు గదే పెద్ద పండుగ.

జీపు మాట్లాడేటప్పుడు పార్కు టికెట్ కలిపి చెప్తున్నడో, జీపు కిరాయే చెప్తున్నడో అడుగుండ్రి. లొల్లులన్ని ఆడనే మొదలైతయి.

ఋతుపవనం:
ఉదవలవేకు నా ఓటూ ఉంది. ఎల్లా నుంచి మిరిస్సా దారిలోనే కలుపుకోవచ్చు, వెల్లవాయ మీదుగా దిగితే పెద్ద చుట్టు కాదు. యాలా మామూలుగా సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు, దసరాకు వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

రైలుబండి:
కొండ రైలు గురించి ఎవరూ ఎత్తలేదేం? క్యాండీ నుంచి ఎల్లా దాకా ఆరు ఏడు గంటలు. అంతసేపు పిల్లలూ పెద్దలూ కూర్చోలేరు. మొత్తం అక్కర్లేదు కూడా. నువర ఎలియాకు స్టేషన్ నాను ఓయా. అక్కడ ఎక్కి ఎల్లాలో దిగండి, రెండున్నర మూడు గంటలు. దారిలో పట్టిపొల వస్తుంది, 1,891 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్. అక్కడ సొరంగం దాటగానే అవతలి వైపు లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఒక్కోసారి ఇటు మబ్బు, అటు ఎండ.

పెట్టెలు వ్యాన్‌లోనే వదిలెయ్యండి. డ్రైవర్ రోడ్డున రెండు గంటల్లో ఎల్లా చేరి స్టేషన్ బయట నిలబడి ఉంటాడు.

టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. మొదటి తరగతి ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు, అద్దం మీద మరకలు తప్ప ఫొటోల్లో ఏమీ పడదు. రిజర్వ్ చేసిన రెండో తరగతి సరైనది. రిజర్వేషన్ లేని పెట్టెలో పెద్దవాళ్లతో ఎక్కొద్దు, తలుపు దాకా నిలబడే జనం. తలుపు పట్టుకుని బయటికి వేలాడి ఫొటోలు దిగడం ఇంకో పిచ్చి. సొరంగం గోడ, స్తంభం రైలుకు జానెడు దూరంలో ఉంటాయి, ప్రాణాలు పోయాయి.

ముఖ్యమైన మాట: 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపాను ఈ కొండ లైనును బాగా దెబ్బతీసింది. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా నడుస్తోందో రైల్వే ప్రకటన చూసి, ఆ తర్వాతే ఆ రోజు హోటల్ కట్టండి. రైలు లేకపోతే అదే ముక్క వ్యాన్‌లో దిగినా తేయాకు తోటలు దక్కుతాయి.

గన్నవరం_గేటు:
మరి నువర ఎలియాలో ఉండాలా వద్దా? హార్టన్ ప్లెయిన్స్ ఫొటోలు చూసి ఆశ పడ్డాం.

లెక్కల_మాస్టారు:
నా లెక్కలో వద్దు. ఊరు 1,868 మీటర్ల ఎత్తు, చలి, పాత దొరల బంగళాలు, చెరువు. ఊటీ చూసినవాళ్లకు కొత్తదేమీ లేదు. దారిలో మధ్యాహ్నం భోజనానికి ఆపండి, చాలు.

కొండగాలి:
మాస్టారి మాట ఊరి వరకు నిజం. హార్టన్ ప్లెయిన్స్ లెక్క వేరు. 2,100 మీటర్ల పైన గడ్డి మైదానం, దాని అంచున వరల్డ్స్ ఎండ్, దాదాపు 870 మీటర్ల నిట్టనిలువు పల్లం. నడక 9 కి.మీ. చుట్టు, మూడు గంటల పైన పడుతుంది. గేటు ఆరుకు తెరుస్తారు. తొమ్మిదిన్నర, పది మధ్య లోయలోంచి మబ్బు లేచి అంచును కప్పేస్తుంది, ఆ తర్వాత వెళ్లినవాళ్లకు తెల్ల గోడ కనపడుతుంది. అంటే నువర ఎలియాలో నాలుగున్నర, అయిదుకే బయల్దేరాలి. జనవరిలో తెల్లవారుజామున మంచు గడ్డకట్టే చలి, పిల్లలకు మంకీ క్యాప్ తప్పదు. గేటు దగ్గర సంచులు చూసి ప్లాస్టిక్ కవర్లు తీయించేస్తారు.

ఈ కుటుంబానికి మాత్రం నేనూ వద్దనే అంటాను. అమ్మగారు నడవలేరు, ఏడేళ్ల పిల్లను మూడో గంటలో ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. దానికి బదులు ఎల్లాలో లిటిల్ ఆడమ్స్ పీక్ ఎక్కండి. వెళ్లడానికి ముప్పావు గంట, సగం దారి తేయాకు తోటల మధ్య చదునైన బాట, మొదటి భాగం దాకా ఆటో వస్తుంది. తొమ్మిది కమానుల వంతెన 1921 నాటిది, ఇనుము వాడకుండా ఇటుక, రాయి, సిమెంటుతో కట్టారు. రైలు వచ్చే వేళ కనుక్కుని వెళ్తేనే అందం.

నువర ఎలియా దాటి హక్‌గల వైపు వచ్చే దారిలో సీత ఎలియాలో సీతమ్మ గుడి రోడ్డు పక్కనే ఉంది. మెట్ల బాధ లేదు, అరగంట చాలు. అమ్మానాన్నలకు అది తప్పకుండా చూపించండి. రైలు ఎక్కే రోజే చూడాలంటే నాను ఓయాకు ముందు అక్కడికి వెళ్లి వెనక్కి రావాలి, గంటన్నర చేతిలో ఉంచుకోండి.

నాయకర్_కోట:
క్యాండీ గురించి నేను. బుద్ధుడి దంతం ఉన్న గుడి దళదా మాళిగావలో పూజలు రోజుకు మూడుసార్లు: పొద్దున అయిదున్నర, తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరున్నర. పూజ వేళ తప్ప పై అంతస్తులో దంతధాతువు గది తలుపు తెరవరు. తెరిచినా కనపడేది బంగారు పేటికే, దంతం కాదు. తొమ్మిదిన్నరకు జనం కాస్త తక్కువ. మోకాళ్ల పైకి నిక్కరు వేసుకుంటే లోపలికి రానివ్వరు. దేశంలో ఎక్కడైనా సరే బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగకండి, పెద్ద తప్పుగా చూస్తారు.

మనవాళ్లు చాలామంది గుడి చూసి వచ్చేస్తారు గానీ, 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలినవాళ్లు మదురై వైపు నుంచి వెళ్లిన నాయకర్ రాజులు, మూలం తెలుగువాళ్లే. గుడి ముందున్న చెరువు తవ్వించిందీ, ఎనిమిది పలకల మండపం కట్టించిందీ ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. ఇంగ్లీషువాళ్లు 1815లో పట్టుకుని వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే పోయాడు. చెరువు గట్టున సాయంత్రం నడిచేటప్పుడు పిల్లలకు చెప్పండి. తెలుగు మాట్లాడే అహికుంటకులు ఇప్పటికీ ఆ దేశంలో ఉన్నారు, పాములాడించడం వాళ్ల పాత వృత్తి.

పచ్చపులుసు:
శాకాహారుల సంగతి నాకు వదిలెయ్యండి. అన్నం, కూరలు ఎక్కడైనా దొరుకుతాయి. చిక్కంతా ఉంబలకడ. మాల్దీవుల ఎండుచేప పొడి. కొబ్బరి సంబోల్ అనే పచ్చడిలో, వంకాయ కూరలో, ఒక్కోచోట పప్పులో కూడా చల్లుతారు. వాళ్ల లెక్కలో అది మసాలా, కాబట్టి 'వెజ్' అంటే తలూపి అదే పెడతారు. 'ఉంబలకడ నేతువ' అనాలి, అంటే అది లేకుండా అని. తమిళం వచ్చినవాళ్ల దగ్గర 'మాసి వేండాం' అంటే చాలు. 'సైవ' (శాకాహారం) అని బోర్డున్న హోటల్ కనపడితే కళ్లు మూసుకుని వెళ్లండి, ఇడ్లీ, దోసె, వడ ఉంటాయి. రొట్టె ముక్కలు చేసి పెనం మీద వేయించే కొత్తు రొట్టెలో గుడ్డు కొట్టకముందే చెప్పాలి, పెనం మీద పడ్డాక లాభం లేదు. గేదె పెరుగులో కితుల్ చెట్టు పాకం పోసి ఇస్తారు, అది మాత్రం వదలకండి.

వరంగల్_బస్టాండ్:
బండి ముచ్చట. ఆరుగురికి, ఆరు పెట్టెలకు కారు సరిపోదు. అక్కడ కేడీహెచ్ అంటరు, టయోటా వ్యాన్, అది మాట్లాడుకోండ్రి. రేటు అడిగినప్పుడు నాలుగు సంగతులు రాసి తీస్కోవాలె: రోజుకు ఎన్ని కిలోమీటర్లు కలిపిండు, డ్రైవర్ తిండి, పడక ఎవరిది, హైవే టోలు, పార్కింగ్ ఎవరిది. హోటల్ బుక్ చేసేటప్పుడు డ్రైవర్ రూమున్నదా అని కూడా అడగాలె. తోవల 'స్పైస్ గార్డెన్' అని ఆపుతరు. ఆడ తైలాలు, పొడులు పది రెట్ల రేటుకు అంటగడ్తరు. 'వద్దు' అని మొదటి దినమే చెప్పుండ్రి, గంట మిగుల్తది.

ఋతుపవనం:
చిన్న చిన్నవి. ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి విమానం ఎక్కే ముందే తీసుకోండి. చిరునామా చివర గవ్ డాట్ ఎల్‌కే లేని సైటు అయితే దళారి. ఫీజు నిబంధన మారుతూ ఉంటుంది, కట్టే రోజు చూసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ నడుస్తోంది, కాకపోతే అన్ని కొట్లలో కాదు, గుడి, జీపు, ఆటోలకు నగదే. ఊళ్లలో ఆటోకు పిక్‌మీ యాప్ వాడితే బేరం ఉండదు. ప్రతి పౌర్ణమీ పోయ సెలవు, గుళ్లు, రైళ్లు కిటకిట. పంచాంగం చూసి ఆ రోజు క్యాండీ పడకుండా జరుపుకోండి. ప్లగ్గులు చాలా హోటళ్లలో చదరపు మూడు పిన్నులవి.

గన్నవరం_గేటు:
ఇలా వేసుకున్నాం. సిగిరియా 2, క్యాండీ 2, ఎల్లా 2, మిరిస్సా 2. మొదటి రోజు పొద్దున దిగి నేరుగా సిగిరియా. రెండో రోజు పొద్దున బండ, మధ్యాహ్నం పొలొన్నరువ. మూడో రోజు దంబుల్లా మీదుగా క్యాండీ. నాలుగు క్యాండీ. అయిదో రోజు వ్యాన్‌లో నాను ఓయా, రైల్లో ఎల్లా. ఆరు ఎల్లా. ఏడో రోజు ఉదవలవే మీదుగా మిరిస్సా. ఎనిమిదో రోజు పొద్దున తిమింగలాలు, సాయంత్రం గాల్ కోట. తొమ్మిదో రోజు విమానం.

లెక్కల_మాస్టారు:
బాగుంది, రెండు మార్పులు. రెండో రోజు బండ దిగాక మధ్యాహ్నం మూడు దాకా పడుకోండి, ఆ తర్వాతే పొలొన్నరువ. పన్నెండుకు వెళ్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. గేటు సాయంత్రం మూసే వేళ హోటల్‌లో కనుక్కుని, గల్ విహార ముందు చూసి మిగతావి వెనక్కి వస్తూ చూడండి. ఏడో రోజు ఎల్లాలో ఏడున్నరకే బయల్దేరితే పదిన్నర లోపు ఉదవలవే చేరతారు. మధ్యాహ్నం ఏనుగులు నీడలోకి పోతాయి కాబట్టి ముందు పిల్ల ఏనుగుల సెంటర్, భోజనం, రెండున్నరకు జీపు. మిరిస్సా చేరేసరికి రాత్రి ఎనిమిది. హోటల్‌కు ముందే ఫోన్ చేసి శాకాహార భోజనం ఉంచమనండి.

కొండగాలి:
ఎల్లా నుంచి వెల్లవాయ దిగే రోడ్డు నిటారు వాలు, బ్రేకులు కాలి బస్సులు లోయలో పడిన దారి. డ్రైవర్‌ను చిన్న గేరులో దిగమని, రావణ జలపాతం దగ్గర పది నిమిషాలు ఆపమని చెప్పండి. రోడ్డు పక్కనే కాబట్టి ఎవరూ నడవనక్కర్లేదు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, రాళ్లు జారుడు.

రైలుబండి:
ఎనిమిదో రోజు పడవ ఆరున్నరకు కదులుతుంది, తిరిగి వచ్చేసరికి పదకొండు, పన్నెండు. వాంతుల మాత్ర గంట ముందు వెయ్యాలి, కడుపులో రెండు ఇడ్లీల పాటి బరువుండాలి. పిల్లల మోతాదు ఇక్కడే డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి. పడవలో కింది అంతస్తులో, వెనక వైపు కూర్చుంటే ఊపు తక్కువ. అమ్మానాన్నలు ఒడ్డునే ఉండిపోవడం మేలు, నాలుగైదు గంటలు లేవడానికి ఉండదు.

గన్నవరం_గేటు:
వాళ్లిద్దరినీ హోటల్‌లోనే ఉంచుతాం. గాల్‌కు ఎన్నింటికి బయల్దేరాలి?

రైలుబండి:
మూడున్నరకు. మిరిస్సా నుంచి గంట. కోట గోడ మీద ఎక్కడా నీడ లేదు, అయిదింటికి దీపస్తంభం దగ్గర ఎక్కి పడమటి బురుజుల వైపు నడవండి. అమ్మగారికి ఆ గోడ కాస్త ఎత్తుపల్లాలు, కిందనే రాతి వీధుల్లో తిరగొచ్చు, పాత డచ్చి ఇళ్లన్నీ అక్కడే.